నిండు ట్యాంకు

కారు ట్యాంకు ఖాళీ చేసెయ్యమని మా ఆయన అన్న రోజునే మా ఇంట్లో యుద్ధం మొదలయింది. అంతకు ముందు జరిగిందంతా జబ్బు. జబ్బుతో నేను పేచీ పెట్టుకోలేదు. జూన్‌లో పక్షవాతం వచ్చింది, ఆయన కుడి చెయ్యి, కుడి కాలు పట్టుకుపోయింది, మాటను కాస్త ముద్ద చేసింది. సరే, వచ్చినదాన్ని ఏం చేస్తాం! ఆసుపత్రి వాళ్ళు చెప్పిందల్లా చేశాను. కానీ ట్యాంకు ఖాళీ చెయ్యమన్నది జబ్బు కాదు, నా మొగుడు. అందుకే ఊరుకోలేకపోయాను.

సెప్టెంబరు సగం గడిచింది. పెద్ద సరస్సు మీద నుంచి వచ్చే గాలి పొద్దున పూట ముక్కు కొరకడం మొదలుపెట్టింది. మా మరిది రూడీ రెండు డబ్బాలు, ఒక రబ్బరు గొట్టం పట్టుకుని మా షెడ్డు ముందు దిగాడు.

"ఏంటి రూడీ, పాలు పితకడానికి వచ్చావా?" అన్నాను.

"అన్నయ్య రమ్మన్నాడు వదినా. కారు ఖాళీ చేసెయ్యమన్నాడు."

చేతిలో ఉన్న తడిబట్టలు అలాగే బుట్టలో పడేశాను.

సరస్సు ఒడ్డున ఉన్న మా ఊరు టామరాక్ రేవులో పాత కార్లున్న ఇళ్ళు చాలానే ఉన్నాయి. మా చలికాలం ఆరు నెలలు. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు తగిలిందా, పాత కారు ఇనుము అప్పడంలా చేతికొస్తుంది. అందుకని అక్టోబరులో కార్లను పడుకోబెడతారు, మే నెలలో లేపుతారు. వసంతంలో మళ్ళీ ఎక్కే ఉద్దేశం ఉన్నవాడు ట్యాంకును గొంతు దాకా నింపి పడుకోబెడతాడు. ఖాళీ ఉంటే గాలి చేరుతుంది, గాలి ఉంటే తేమ, తేమ ఉంటే తుప్పు. ఇక ఎక్కననుకున్నవాడు ఖాళీ చేస్తాడు. అమ్మేసే కారును ఖాళీ చేస్తారు. పోయినవాడి కారును వాడి పెళ్ళాం ఖాళీ చేయిస్తుంది. మా ఊళ్ళో "ఫలానా ఆయన ఖాళీ చేశాడట" అని ఎవరైనా అన్నారంటే, విన్నవాళ్ళు ఓ క్షణం కాఫీ కప్పు కింద పెట్టేస్తారు.

మాది పందొమ్మిది వందల యాభై మూడు నాటి స్టూడ్‌బేకర్ కారు. లేత ఆకుపచ్చ రంగు. ఎవరి కొట్టంలోనో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటూ ఉంటే మా ఆయన ఆర్వో ఆ కోళ్ళను అదిలించి తెచ్చుకున్నాడు. దాని తలుపు గట్టిగా వేసిన పాపానికి మా చర్చి పెద్దనే నడిరోడ్డు మీద దింపేసిన ఘనుడు. నేను పాతికేళ్ళు ఈ జిల్లాలో బడి బస్సు నడిపాను, ఒక్క పిల్లవాడి మోకాలు గీరుకుపోలేదు. అయినా ఆ కారు తాళంచెవి ఎన్నడూ నా చేతికివ్వలేదు. "దాని గేరు వేరు సెల్మా, నీకు రాదు" అనేవాడు. దానికి మూడు గేర్లు. నా బస్సుకు ఐదు.

వంటింట్లోకి వెళ్ళాను. ఆయన కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. జూన్ నుంచీ అక్కడే.

"ఎవరినడిగి ఖాళీ చెయ్యమన్నావు?"

"ఎవరినడగాలి?"

"ఎందుకు చెయ్యమన్నావు?"

"కాలు పనిచెయ్యదు. చెయ్యి పనిచెయ్యదు. ఇంకా కారెందుకు? గ్రీన్‌బేలో పాత కార్లు కొనే ఒకాయన ఉన్నాడు. రూడీ మాట్లాడాడు. ట్రెయిలరు తెచ్చుకుని పట్టుకుపోతాడు."

"ఖాళీగా ఉంచితే పెట్రోలు పంపులో తోలు పొర ఎండి పగులుతుందని ఊరందరికీ పాఠం చెప్పింది నువ్వే కదా?"

"పగిలితే గ్రీన్‌బే వాడికి పగులుతుంది. నాకేం?"

నాకేం అన్నాడండీ! ఆ మాట ఆర్వో నోట వినడం నాకదే మొదలు. భయం వేసింది. ఏడుపొచ్చింది. ఆ రెండింటికంటే ఎక్కువగా ఒళ్ళు మండింది. ఆసుపత్రి నుంచి వారానికోసారి ఒక పిల్ల వచ్చి చేతిలో రబ్బరు బంతి పెట్టి నొక్కమంటుంది. ఈయన దాన్ని కిటికీ గట్టు మీద పెట్టి దానివైపు చూడడు. కంచంలో సగం వదిలేస్తాడు. శనివారం స్నానానికి ఆవిరిగది వేడి చేస్తే, ఇప్పుడెందుకులే అంటాడు. ఇప్పుడు కారు. ఈ కారు వెళ్ళిపోయిన రోజున ఆర్వో ఇక ఆ కుర్చీలోంచి లేవడు. నన్ను ఏ డాక్టరూ ఈ సంగతిలో ఒప్పించనక్కర్లేదు, నాకు తెలుసు.

తిరిగి షెడ్డు దగ్గరికి వచ్చేసరికి రూడీ మోకాళ్ళ మీద కూర్చుని గొట్టం విప్పుతున్నాడు.

"ఆ గొట్టం ఇలా తే."

"వదినా, కారు అన్నయ్యది."

"షెడ్డు నాది. మా నాన్న కట్టించింది. ఇలా తే, టమాటా మొక్కలకు నీళ్ళు పెట్టుకోడానికి పనికొస్తుంది."

రూడీ చెడ్డవాడేం కాదు. మంచివాడే. కాకపోతే వాడి మంచితనం ఎప్పుడూ తన పడవకు చోటు చూసుకున్నాకే మొదలవుతుంది. కారు పోతే మా షెడ్డు ఖాళీ అవుతుంది, వాడి పడవ చలికాలమంతా వెచ్చగా పడుకుంటుంది. ఎద్దు పుండు కాకికి ముద్దా?

"నువ్వేం చేస్తావు దీన్ని? అసలు పెట్రోలు మూత ఎటువైపు ఉందో తెలుసా నీకు?" అన్నాడు వెటకారంగా.

"నీ మూతి ఎటువైపు ఉందో తెలుసు. దానికి మూత వెయ్యడం ఇంకా బాగా తెలుసు."

వాడు లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "సరే, నీ ఇష్టం. ఆ గ్రీన్‌బే ఆయన అక్టోబరు చివరి ఆదివారం వస్తున్నాడు. మాటయిపోయింది. ట్యాంకు ఆ రోజే ఖాళీ చేసుకుంటాం. ఈలోగా అన్నయ్యతో పోట్లాడి ఆయన ప్రాణం తియ్యకు."

"నేను పోట్లాడకపోతేనేరా ఆ ప్రాణం పోయేది," అన్నాను. వాడికి అర్థం కాలేదు. డబ్బాలు ఖణేల్‌ఖణేల్‌మనిపించుకుంటూ పోయాడు.

గొట్టం నిజంగానే టమాటా పాదులో పడేశాను.

తర్వాత ఆర్వోకీ నాకూ మాటల్లేవు. అంటే ఆయనకు లేవు, నాకు ఉన్నాయి. నేను మామూలుగానే మాట్లాడేదాన్ని, జవాబులు కూడా నేనే చెప్పుకునేదాన్ని. "కాఫీ పెట్టనా ఆర్వో? పెట్టు సెల్మా, నీ చేతి కాఫీకి నేను చచ్చిపోతాను. చచ్చిపోకు ఆర్వో, పెడతాను." ఆయన కిటికీలోంచి టామరాక్ చెట్లు చలికి పసుపు రంగుకు తిరగడం చూస్తూ కూర్చునేవాడు. తాళంచెవి మాత్రం చొక్కా జేబులోనే ఉండేది. చొక్కా మార్చినప్పుడల్లా ఎడమ చేత్తో ఆ జేబులోంచి ఈ జేబులోకి మార్చుకునేవాడు. దాని సంగతి నేనెత్తలేదు. పెట్రోలు మూత తియ్యడానికి తాళంచెవి అక్కర్లేదు.

కారును పడుకోబెట్టడం నాకెవరూ నేర్పలేదు. కానీ ఇన్నేళ్ళూ ఆయన కారు కింద దూరితే టార్చి పట్టుకున్నది ఎవరు? నేను. "ఇటు కాదు అటు, అబ్బా అటు కాదు ఇటు" అని తిట్లు తిన్నది ఎవరు? నేను. టార్చి పట్టుకున్నవాళ్ళకు పనిచేసేవాడికంటే ఎక్కువే కనబడుతుంది. ఒకరోజు ఆయన కునుకు తీస్తుండగా పాత కోటు వేసుకుని బానెట్ ఎత్తాను. ఇంజను పక్కన పెట్రోలు పంపుకు వేలాడుతూ చిన్న గాజుగిన్నె ఉంటుంది, మట్టీ మశానం అందులోకి దిగుతాయి. ఈ కారుకు జ్వరం వస్తే ముందు నాలుక చూసినట్టు ఆ గిన్నె చూసేవాడు ఆర్వో. విప్పాను. అడుగున తుప్పు రంగు బురద. కిరసనాయిలుతో కడిగి, కొత్త వాషరు వేసి బిగించాను. అంత తేలికేం కాలేదులెండి. మొదటిసారి బిగించినప్పుడు పక్కనుంచి కారింది, రెండోసారి వేలు చిట్లింది. నా బస్సు పిల్లలు ఎవరూ వినని తిట్లు ఆ షెడ్డు గోడలు విన్నాయి.

సాయంత్రం ఏలకులు దంచి పిండిలో వేసి జడలా అల్లి రొట్టె కాల్చాను. మా అమ్మ వాళ్ళమ్మ ఫిన్‌లాండ్ నుంచి తెచ్చిన చేతివిద్య అది. ఆర్వో ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. పది రోజుల తర్వాత మొదటి మాట.

"రొట్టెకి పెట్రోలు వాసన వస్తోంది."

"తిను. నీకిష్టమైన వాసనే కదా."

నా వేలికున్న గుడ్డపీలిక వంక చూశాడు. రొట్టె ఒక్క ముక్క వదల్లేదు.

ఊళ్ళో మామూలు బంకుల్లో దొరికే పెట్రోలులో ఆల్కహాలు కలుపుతారు. అది నీళ్ళను తాగుతుంది, నెలల తరబడి నిలవుంటే ట్యాంకును లోపలి నుంచి తినేస్తుంది. కల్తీ లేనిది రేవులో పడవల పంపు దగ్గరే దొరుకుతుంది. ఆ పంపును అక్టోబరు చివరి ఆదివారంతో మూసేస్తారు. అందుకే అక్టోబరు శనాదివారాల్లో ఊళ్ళో ఉన్న పాత కార్లన్నీ అక్కడ చేరతాయి. ఏటా ఆర్వో ముందుండేవాడు. పక్కవాడి కార్బ్యురేటర్లో వేలు పెట్టకపోతే ఆయనకు నిద్రపట్టేది కాదు.

అక్టోబరు మొదట్లో ఓ ఆదివారం నేను రోజూ తిరిగే ట్రక్కు వెనక నాలుగు డబ్బాలు వేసుకుని వెళ్ళాను. వరుసలో కార్లు మెరుస్తున్నాయి. నన్ను చూసి మాటలు ఆగిపోయాయి. హెర్బ్ లాండ్రీ అని ఓ పెద్దమనిషి, ఆర్వోతో కలిసి గనిలో పనిచేసినవాడు, దగ్గరికి వచ్చి టోపీ తీశాడు.

"విన్నాం సెల్మా. ఆర్వో ఖాళీ చేశాడటగా?"

"టోపీ పెట్టుకో హెర్బ్. నీ బట్టతల మీద ఎండపడి కళ్ళు జిగేల్‌మంటున్నాయి. ఇక్కడెవరూ చావలేదు."

"రూడీ చెప్పాడే..."

"రూడీ చెప్పడానికి పుట్టాడు, నేను చెయ్యడానికి పుట్టాను."

పంపు చూసుకునే డాట్ గొట్టం భుజానేసుకుని వచ్చింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. "ఏమే, డబ్బాలతో వచ్చావు? కారేదీ?"

"కారు రాదు ఈ ఏడు. పెట్రోలే దాని దగ్గరికి వెళ్తుంది."

"అంటే నింపుతున్నావా?"

"గొంతు దాకా."

ఆ మాట నేను కావాలనే అందరికీ వినబడేలా అన్నాను. హెర్బ్ టోపీ మళ్ళీ నెత్తిన పెట్టుకున్నాడు. డాట్ నా డబ్బాలు నాలుగూ నింపి, లోపలికి వెళ్ళి తన డబ్బా ఇంకొకటి తెచ్చి అది కూడా నింపి ట్రక్కులో పెట్టింది. "స్టూడ్‌బేకర్ ట్యాంకు పెద్దది. చాలకపోతే సగంలో ఆగిపోతావు," అంది. రెండు మాటల్లో ఆపేసిందంటే డాట్ నిజంగా కదిలిపోయినట్టే.

ఇంటికొచ్చి ముందు మందు పోశాను. పెట్రోలు నెలల తరబడి చెడకుండా పోసే మందు, చిన్న సీసా. తర్వాత గరాటు పెట్టి డబ్బా తరవాత డబ్బా వంపాను. నడుం పడిపోయింది. ఆఖరి డబ్బా సగంలో ఉండగా గొంతులో పెట్రోలు పైకి వచ్చి తళతళలాడింది. మూత బిగించి దాని మీద చేత్తో ఒక్కటి చరిచాను. నెగ్గాను అనుకున్నాను.

రాత్రి భోజనానికి మాంసం, దుంపలు కూరిన పేస్టీలు చేశాను. ఆయన ముందు కంచం పెట్టి, "నీ కారు నింపేశాను. మందు కూడా పోశాను. ఇక గ్రీన్‌బే ఆయన వచ్చి ఏం చేసుకుంటాడో చేసుకోమను," అన్నాను.

ఆర్వో చెంచా దించాడు.

"ముందు మందా, ముందు పెట్రోలా?"

"ముందు మందు. బాగా కలవాలి కదా."

"ఊఁ. ఇంజను నడిపావా?"

"అదెందుకు? ట్యాంకు నిండింది కదా!"

ఆయన నవ్వాడు. వంకర మూతితో, సగం మొహంతో, కానీ నవ్వే. నాలుగు నెలల తర్వాత ఆ ఇంట్లో మొదటి నవ్వు, అదీ నా మీద!

"మందంతా ట్యాంకులో ఉంది," అన్నాడు. "ఇంజను తిరిగితే గానీ అది ముందుకు రాదు. కార్బ్యురేటరు గిన్నెలో జూన్ నాటి పాత పెట్రోలే ఉంది. మే నెలకి అది జిగురవుతుంది. సన్న కన్నాలన్నీ పూడుకుపోతాయి. అందరూ వాళ్ళ కార్లను ఖాళీ చేసి చంపుతారు, నువ్వు నా కారుని నింపి మరీ చంపావు సెల్మా."

మాటలు ముద్దగా వచ్చాయి, చొంగ కారింది. అయినా జూన్ తర్వాత ఆయన ఒక్క గుక్కలో అంతసేపు మాట్లాడలేదు. నాకు తల కొట్టేసినట్టయింది, సంతోషమూ అయింది. రెండూ కలిసి ఏం చెయ్యాలో తెలీక ఆయన గడ్డం తుడిచాను.

"అయితే షెడ్డులోనే పెట్టి కాసేపు ఇంజను తిప్పుతాను. తాళంచెవి ఇవ్వు."

"నిలబెట్టి తిప్పితే సైలెన్సరులో నీళ్ళు దిగుతాయి. నూనెలో నీళ్ళు దిగుతాయి. ఒళ్ళు వేడెక్కేదాకా రోడ్డు మీద నడపాలి. నడిపేవాడేడీ?"

"నేను లేనూ?"

"నువ్వా! దాని గేరు వేరు..."

"వేరు, వేరు! ఈ ఊరి పిల్లల్నందరినీ వెనకేసుకుని మంచు గడ్డకట్టిన కొండ దిగాను. నీ తమ్ముడి పిల్లల్తో సహా! అప్పుడు రాని గేరు ఇప్పుడు రాదా?"

"బస్సు ఇనుము."

"ఇదేంటి, గాజుబొమ్మా?"

"నువ్వు ఎక్కడానికి వీల్లేదు. అంతే."

"అయితే నువ్వు నడుపు!"

అనకూడని మాట. అన్నాను. ఆయన మొహం పాలిపోయి కంచం అవతలికి నెట్టాడు. ఆ మాట వెనక్కి తీసుకోమని నన్ను అప్పుడూ ఎవరూ అడగలేదు, ఇప్పుడడిగినా తీసుకోను. ఈ ఇంట్లో నాలుగు నెలలుగా అందరూ ఆయన చుట్టూ మునివేళ్ళ మీద నడుస్తున్నారు. ఎవరో ఒకరు నేల మీద కాలు ఆనించాలి.

మర్నాడు పొద్దున ఆసుపత్రి పిల్ల వచ్చింది. బంతి ఇస్తే ఆయన పుచ్చుకున్నాడు. నొక్కలేకపోయాడు, వేళ్ళు వణికాయి, నాలుగు బూతులు తిట్టాడు. అయినా కింద పెట్టలేదు. నేను చూడనట్టు అటు తిరిగి అంట్లు తోముకున్నాను. కడిగిన కప్పునే మళ్ళీ మళ్ళీ కడిగాను.

కానీ తాళంచెవి మాత్రం ఇవ్వలేదు. గ్రీన్‌బే ఆయనను వద్దనమని రూడీకి ఫోనూ చెయ్యలేదు. నేను అడిగితే, "మాటిచ్చాం" అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అక్టోబరు చివరి ఆదివారం దగ్గరపడే కొద్దీ నాకు అన్నం సహించలేదు. నేను ఎంత నింపినా, ఆయన వద్దంటే రూడీ గొట్టం తెచ్చుకోవడానికి ఎంతసేపు? కారు ఆయనది. ఊరందరి ముందూ గొంతు దాకా అని కోసిన కోతలన్నీ అప్పుడు ఎవరి నెత్తిన పడతాయి?

ఆ ఆదివారం ఆకాశం బూడిద రంగులో కిందికి దిగి ఉంది. మధ్యాహ్నానికి సన్నగా మంచు రాలడం మొదలుపెట్టింది. నేలను తాకకముందే కరిగిపోయే రకం. రూడీ ట్రక్కు వెనక ఇంకో ట్రక్కు వచ్చింది, దాని వెనక పొడుగాటి ట్రెయిలరు. దాన్ని సరిగ్గా షెడ్డు తలుపులకు అడ్డంగా పెట్టారు.

గ్రీన్‌బే ఆయన అరవై దాటిన మనిషి. గోళ్ళ కింద గ్రీజు. దిగుతూనే నాకు నమస్కారంగా టోపీ అంచు తాకాడు. వీడు కాస్త దుర్మార్గుడై ఉంటే బాగుండేది, పోట్లాడ్డం తేలికయ్యేది. ఆర్వో ఆసుపత్రి వాళ్ళిచ్చిన నాలుగు కాళ్ళ చట్రం ఎడమ చేత్తో పట్టుకుని మెట్లు దిగుతున్నాడు. నేను చెయ్యి ఇవ్వబోతే విదిలించుకున్నాడు. షెడ్డు దాకా ఆయన వచ్చేసరికి రూడీ తలుపులు తీసి దీపం వేశాడు.

గ్రీన్‌బే ఆయన కారు చుట్టూ తిరిగాడు. తలుపు మెల్లిగా తీసి మెల్లిగా వేశాడు. అది ఆర్వో గమనించాడు. తర్వాత వెనక్కి వెళ్ళి పెట్రోలు మూత తిప్పి, వంగి చూసి, వాసన చూశాడు.

"నిండా ఉందే!"

"ఓ, అదా!" అన్నాడు రూడీ గబగబా. "మా వదిన ఏదో తెలిసీ తెలియక... రెండు నిమిషాల్లో లాగేస్తాను. కొత్త గొట్టం తెచ్చాను."

గ్రీన్‌బే ఆయన చెయ్యెత్తి ఆపాడు. రూడీ వైపు కాదు, ఆర్వో వైపు చూశాడు.

"అయ్యా, నేను చాలా కార్లు కొన్నాను. నిండు ట్యాంకుతో ఉన్న కారుని ఎవరూ నాకు అమ్మలేదు. మందు కూడా వేసినట్టున్నారు. ఇది ఎవరు నింపారు?"

నా నోట్లో వంద మాటలున్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు. రూడీ గొట్టం పట్టుకుని నిలబడ్డాడు. ఆర్వో చట్రం మీద వాలి, రొప్పు తగ్గేదాకా ఆగాడు.

"మా ఆవిడ," అన్నాడు. "పని సగమే చేసింది. కార్బ్యురేటరుకి మందు అందలేదు. దాన్ని రోడ్డెక్కించాలి. మీ ట్రెయిలరు అడ్డంగా ఉంది, కాస్త పక్కకు తీస్తారా?"

"అన్నయ్యా!" అన్నాడు రూడీ. "ఇంత దూరం నుంచి పాపం మనిషి వస్తే..."

"కాఫీ ఇస్తాం. ఏలకుల రొట్టె ఉంది. కొంచెం పెట్రోలు వాసన వస్తుంది, అయినా తినొచ్చు."

గ్రీన్‌బే ఆయన మూత మళ్ళీ జాగ్రత్తగా బిగించాడు. నవ్వాపుకుంటున్నాడని భుజాలు చెప్పాయి. "వచ్చే ఏడు మళ్ళీ రానా?" అని అడిగాడు.

"రండి," అన్నాడు ఆర్వో. "కాఫీకి."

ఆయనే వెళ్ళి ట్రెయిలరు పక్కకు తీశాడు. రూడీ మొహం చూడాలి, కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది. "మరి నా పడవ?" అన్నాడు, ఎవరినడుగుతున్నాడో తనకే తెలీకుండా.

"టార్పాలిను కప్పుకో," అన్నాను నేను. ఎట్టకేలకు నా నోరు పెగిలింది.

ఆర్వో అలవాటుగా డ్రైవరు తలుపు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ ఆగిపోయాడు. ఎడమ చెయ్యి ఆ పిడి మీద పెట్టి అలాగే నిలబడ్డాడు. ఆ కాసేపూ నేను అటు చూడలేకపోయాను. తర్వాత చట్రం వదిలేసి, బానెట్ మీద చెయ్యి ఆనించుకుంటూ, కాలు ఈడ్చుకుంటూ ముందునుంచి చుట్టూ తిరిగి అవతలి తలుపు దగ్గరికి వచ్చాడు. నేను తలుపు తీసి పట్టుకున్నాను. ఈసారి విదిలించుకోలేదు. ఆయన కాలు ఎత్తి లోపల పెట్టాను. చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి నా అరచేతిలో పెట్టాడు. ఒంటి వేడికి అది వెచ్చగా ఉంది.

కూర్చున్నాను. చోకు లాగాను. ఇంజను రెండుసార్లు దగ్గి, తెల్లటి పొగ వదిలి, అందుకుంది.

"క్లచ్చి పూర్తిగా తొక్కు."

"తొక్కాను."

"మెల్లిగా వదులు. మెల్లిగా అన్నాను!"

"మెల్లిగానే వదులుతున్నాను, నీ అరుపుకి కాలు జారుతోంది!"

గేటు దాటి కొండ రోడ్డెక్కాం. నాకు రాదు రాదన్న ఆ గేరు రెండులోకి, మూడులోకి చెప్పినట్టు వెళ్ళింది. పక్కకి చూశాను. ఆర్వో గేరు వంకే చూస్తున్నాడు. కాసేపటికి సీట్లో అటూ ఇటూ మెసిలాడు.

"ఈ సీట్లో స్ప్రింగు గుచ్చుతోంది."

"పెళ్ళయిన దగ్గర్నుంచీ చెబుతూనే ఉన్నాను."

"చెప్పావా?"

"చెప్పాను. నువ్వు వినలేదు. ఇప్పుడు నువ్వే విను, అది నీకే చెబుతోంది."

రేవులో డాట్ పంపుకు గుడ్డ కప్పి తాడు కడుతోంది. హెర్బూ ఇంకో నలుగురూ చుట్టూ నిలబడి ఆ ఏటి ఆఖరి కబుర్లు చెప్పుకుంటున్నారు. ఆకుపచ్చ కారు మలుపు తిరగగానే అందరూ ఇటు తిరిగారు. నేను హారన్ కొట్టాను. నింపానని చెప్పాను కదా, ఇక చూసుకోండి అన్నట్టు గట్టిగా, పొడుగ్గా కొట్టాను.

"ఆర్వో!" అని అరిచింది డాట్. "ఎవర్రా నీ కారు నడిపేది?"

ఆయన ఎడమ చేత్తో అద్దం దించడానికి తంటాలు పడి, సగం దించి, మొహం బయటపెట్టాడు.

"కళ్ళు కనబడవా? సెల్మా నడుపుతోంది. దారి తప్పుకోండి!"

వాళ్ళు తప్పుకున్నారు. హెర్బ్ టోపీ తియ్యలేదు, దాన్ని గాల్లో ఊపాడు. రేవు దాటాక సరస్సు ఒడ్డునే రోడ్డు తిన్నగా పోతుంది. నీళ్ళు నల్లగా ఉన్నాయి, మంచు వాటిలో పడి మాయమైపోతోంది. ఉప్పు లారీలు రేపో ఎల్లుండో బయల్దేరతాయి.

"మందు అందే ఉంటుంది," అన్నాను. "ఇక వెనక్కి తిప్పనా?"

"అప్పుడేనా? ఇంకా వేడెక్కలేదు. పోనీ."

ఎదురుగా వేడి చూపించే ముల్లు ఎప్పుడో మధ్యకు వచ్చి నిలబడింది. అది నాకూ కనబడుతోంది, ఆయనకూ కనబడుతోంది.

"అవును, ఇంకా వేడెక్కలేదు," అని పోనిచ్చాను.